కేసు ఎక్స్‌పంజ్ అయ్యాక ‘లేదు’ అని రాయొచ్చా?

సందేహం: అమెరికాలో చదువుకునే రోజుల్లో స్టోర్‌లో బిల్లు కట్టకుండా వస్తువు తీసుకున్నందుకు నామీద కేసు పడింది. తప్పు ఒప్పుకుని ఫైన్ కట్టాను. ఎక్స్‌పంజ్ చేయించుకుంటే, అంటే రికార్డులోంచి ఆ కేసును తీసేయించుకుంటే, గ్రీన్‌కార్డు ఫారంలో ‘అరెస్టు కాలేదు’ అని రాయొచ్చా?

జవాబు: దయచేసి అలా రాయకండి. ఇరవై ఏళ్లుగా ఇక్కడ ఉంటున్నాను. చిన్న కేసును పెద్ద చిక్కుగా మార్చేది చాలాసార్లు ఈ ఒక్క ‘లేదు’ అనే మాటే.

ఎక్స్‌పంజ్ అనేది రాష్ట్ర చట్టం ఇచ్చే ఊరట. ఉద్యోగానికో అద్దె ఇంటికో బ్యాక్‌గ్రౌండ్ చెక్ చేసేటప్పుడు చాలా మేలు చేస్తుంది, తప్పకుండా చేయించుకోండి. పెన్సిల్వేనియాలో అయితే 2018 నాటి క్లీన్ స్లేట్ చట్టంతో కొన్ని చిన్న కేసులు మనం అడగకుండానే సీల్ అవుతున్నాయి, అంటే బయటివాళ్లకు కనబడకుండా మూసేస్తున్నారు.

ఇమ్మిగ్రేషన్ మాత్రం ఫెడరల్ వ్యవహారం. 1996 చట్టం ప్రకారం మీరు నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక శిక్ష (ఫైన్ అయినా సరే) వేస్తే అది కన్విక్షనే, అంటే నేరం రుజువైనట్టే. శిక్ష పూర్తి చేశారని రాష్ట్ర కోర్టు తర్వాత దాన్ని కొట్టేసినా ఇమ్మిగ్రేషన్ లెక్కలో మామూలుగా అది మిగిలే ఉంటుంది. అసలు కేసు నడిచిన తీరులోనే చట్టపరమైన లోపం ఉందని రద్దు చేస్తే సంగతి వేరు. నేరం ఒప్పుకుంటే దేశం నుంచి పంపించే ప్రమాదం ఉందని డిఫెన్స్ లాయర్ క్లయింటుకు చెప్పి తీరాలని 2010లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. మీ లాయర్ అప్పట్లో ఆ మాట చెప్పారా? గుర్తు చేసుకోండి. చెప్పకపోతే అది అలాంటి లోపం కావచ్చు.

భయపడకండి. దొంగతనం కేసు జీవితంలో అదొక్కటే అయి, ఆ నేరానికి గరిష్ఠ శిక్ష ఏడాదికి మించక, మీకు పడిన జైలు శిక్ష ఆరు నెలలు దాటకపోతే, గ్రీన్‌కార్డుకు అనర్హులు కాకుండా కాపాడే మినహాయింపు ఉంది. అదే అబద్ధం రాసి దొరికితే, ఆ అబద్ధమే విడిగా అనర్హత అవుతుంది. వేలిముద్రలు ఎలాగూ ఎఫ్‌బీఐకి వెళ్తాయి. వీసా స్టాంపింగ్‌కి నింపే డీఎస్-160లోనూ, సిటిజన్‌షిప్‌కి పెట్టే ఎన్-400లోనూ ఇదే ప్రశ్న ఎదురవుతుంది.

తాగి బండి నడిపిన కేసైతే ఇంకా జాగ్రత్త. కోర్టు తేల్చకముందే, అరెస్టు కారణంగానే వీసా రద్దు చేయొచ్చు.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయండి. ఎక్స్‌పంజ్ పిటిషన్ వేయకముందే కోర్టు క్లర్క్ ఆఫీసుకు వెళ్లి సర్టిఫైడ్ డిస్పొజిషన్ (కేసు ఎలా ముగిసిందో కోర్టు ధ్రువీకరించి ఇచ్చే కాగితం), ఛార్జ్‌షీటు, ఫైన్ కట్టిన రసీదు రెండేసి కాపీలు తీసుకోండి. ఫైలు ఒకసారి మూసేశాక ‘మా దగ్గర రికార్డు లేదు’ అని కోర్టే చెప్పొచ్చు. ఇంటర్వ్యూలో ఆఫీసర్ మాత్రం ఆ కాగితాలే అడుగుతారు. వాటిని క్రిమినల్, ఇమ్మిగ్రేషన్ రెండూ తెలిసిన లాయర్‌కు చూపించి, ఆ తర్వాతే పిటిషన్ మీద సంతకం పెట్టండి.