బైపీసీ మధ్యలో ఆపి ఎస్వాతినికి పంపమంటారా?

ప్రశ్న: మా అమ్మాయి గుంటూరులో బైపీసీ మొదటి సంవత్సరం చదువుతోంది. పదో తరగతిలో ఉన్నప్పుడు ఇంగ్లిష్ టీచరు చెబితే, వేర్వేరు దేశాల్లో ఉన్న యునైటెడ్ వరల్డ్ కాలేజీలకు దరఖాస్తు పెట్టింది. ఇప్పుడు ఎస్వాతిని దేశంలోని వాటర్‌ఫోర్డ్ కమ్‌హ్లాబా స్కూల్లో సీటు, స్కాలర్‌షిప్ వచ్చాయి. జనవరిలో చేరాలి. మావారేమో ‘డాక్టర్ చదవాల్సిన పిల్లని ఆఫ్రికా పంపడమేంటి’ అంటున్నారు. అక్కడ ఎయిడ్స్ ఎక్కువట, రాజుగారి పాలనట, ఆ మధ్య గొడవలు కూడా జరిగాయట. చదువుతో పాటు ఊళ్లోకి వెళ్లి సేవ కూడా చేయాలట. రెండేళ్లు వృథా అవుతాయేమోనని నాకు టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు?
– ఒక తల్లి, గుంటూరు

జవాబు: అమ్మా, మీ ఉత్తరంలో మీ భయం ఉంది, మీవారి కోరిక ఉంది. అమ్మాయి ఏమంటోందో మాత్రం ఎక్కడా రాయలేదు. అది తెలియకుండా వెళ్లమని గానీ వద్దని గానీ నేను చెప్పలేను. అయితే ఏ లెక్కన నిర్ణయించుకోవాలో చెప్పగలను.

ముందు డాక్టర్ సంగతి తేల్చుకుందాం, ఎందుకంటే మిగతావన్నీ దాని మీదే ఆధారపడి ఉన్నాయి. అక్కడ చదివేది ఐబీ (ఇంటర్నేషనల్ బాకలారియేట్) డిప్లొమా, మన ఇంటర్‌లాంటి రెండేళ్ల అంతర్జాతీయ కోర్సు. ఆరు సబ్జెక్టులు, మూడు పైస్థాయిలో, మూడు మామూలు స్థాయిలో. రెండు భాషలు, ఒక సామాజిక శాస్త్రం, ఒక సైన్స్, లెక్కలు తప్పవు. ఆరోది కళలు గానీ, ఇంకో సైన్స్ గానీ, మరో భాష గానీ కావచ్చు. అంటే మామూలుగా రెండు సైన్సులకే చోటు. నీట్‌కు ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ మూడూ కావాలి. మూడో సైన్స్ తీసుకోవాలంటే ప్రత్యేక అనుమతి ఉండాలి, అది దొరుకుతుందన్న భరోసా లేదు. పైగా నీట్ ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల మీద నడిచే పరీక్ష. ఐబీ చదువుతూ రాత్రిళ్లు ఆన్‌లైన్‌లో నీట్ కోచింగ్ తీసుకుంటే రెండూ చెడతాయి. ఇంకొకటి, మన రాష్ట్రంలో లోకల్ కోటా సీటు రావాలంటే ఇంటర్‌తో ముగిసేలా వరుసగా నాలుగేళ్లు ఇక్కడ చదివి ఉండాలన్న నిబంధన ఉంది. రెండేళ్లు బయట చదివితే అక్కడ చిక్కొస్తుంది.

కాబట్టి అమ్మాయికే మన దేశంలో ఎంబీబీఎస్ చేయాలన్న పట్టుదల ఉంటే, ఈ సీటు వదులుకోండి. స్కాలర్‌షిప్ వచ్చింది కదా అని మనసు పీకినా సరే. కానీ డాక్టర్ కావాలన్నది మీవారి కోరిక మాత్రమే అయితే ఆ పిల్లతో ఇంకోసారి కూర్చుని మాట్లాడాల్సిందే. పదిలో మంచి మార్కులొచ్చిన ఆడపిల్ల బైపీసీలో చేరడం మన ఊళ్లలో నిర్ణయం కాదు, అలవాటు. తెల్లారకముందే స్టడీ అవర్, రాత్రి పదికి మళ్లీ స్టడీ అవర్ నడిచే హాస్టల్లో ఉండి, అంత దూరాన ఉన్న స్కూలుకు వెళ్తానంటున్న పిల్ల మనసులో ఏదో ఉండే ఉంటుంది.

ఇక ఆ స్కూలు గురించి. 1963లో ఇంగ్లండ్ నుంచి వచ్చిన మైకేల్ స్టెర్న్ అనే ఉపాధ్యాయుడు 16 మంది అబ్బాయిలతో మొదలుపెట్టాడు. అప్పటికి దక్షిణాఫ్రికాలో నల్లవాళ్ల పిల్లలు, తెల్లవాళ్ల పిల్లలు ఒకే బడిలో కూర్చోవడం కుదరదు. నల్లపిల్లలకు తక్కువ రకం చదువు చాలని 1953లో చట్టమే చేశారు. అందుకని సరిహద్దు దాటి, అప్పటికి బ్రిటిష్ ఏలుబడిలో ఉన్న స్వాజిలాండ్‌లో (ఇప్పటి ఎస్వాతిని) రాజధాని ఎంబబానె పక్కన కొండ మీద అన్ని రంగుల పిల్లలకూ కలిపి బడి పెట్టారు. కమ్‌హ్లాబా అన్న పేరు ఆ దేశపు రాజు రెండో సోభుజా ఇచ్చింది. నెల్సన్ మండేలా రోబెన్ దీవి జైల్లో ఉండగా ఆయన కూతుళ్లు జెనాని, జింజీ చదువుకున్నది ఇక్కడే. 1981 నుంచి ఇది యునైటెడ్ వరల్డ్ కాలేజీల్లో ఒకటి. మన పుణె దగ్గరున్న మహీంద్రా కాలేజీ కూడా ఈ కుటుంబంలోదే. 2018లో దేశం పేరు ఎస్వాతినిగా మారింది. గూగుల్‌లో పాత పేరుతో కూడా వెతకండి, ఎక్కువ సమాచారం దొరుకుతుంది.

మీవారికి ఆ దేశం ఎంతుంటుందో చెప్పండి. మన ఉమ్మడి అనంతపురం జిల్లా కన్నా చిన్నది, జనాభా సుమారు 12 లక్షలు. ఎంబబానె 1,200 మీటర్ల ఎత్తున ఉంది, అక్కడ జూన్, జులై చలికాలం, గుంటూరు ఎండలకు అలవాటైన పిల్లకు మంచి స్వెట్టర్లు కావాలి. మలేరియా ఉన్నది తూర్పున పల్లపు ప్రాంతంలో, ఈ కొండల వైపు ఆ బెడద తక్కువ. ఆఫ్రికా అనగానే బంధువులు ముక్కున వేలేసుకుంటారు గానీ, 1860లో మద్రాసు నుంచి మొదటి ఓడలో డర్బన్‌కు చెరకు తోటల పనికి వెళ్లినవాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. వాళ్ల మునిమనవలు ఇప్పటికీ అక్కడే ఉన్నారు.

మీరు ఎయిడ్స్ గురించి విన్నది అబద్ధం కాదు. ప్రపంచంలో హెచ్‌ఐవీ శాతం అత్యధికంగా ఉన్న దేశం అదే, పెద్దవాళ్లలో సుమారు నలుగురిలో ఒకరికి వైరస్ ఉంది. కానీ పరీక్షలు చేసి, మందులు అందించి, వైరస్‌ను అదుపులో పెట్టడంలో ఐక్యరాజ్యసమితి పెట్టిన లక్ష్యాన్ని ఆఫ్రికాలో అందరికన్నా ముందుగా 2020లోనే అందుకున్నదీ ఆ దేశమే. ఒకే గదిలో ఉంటే, ఒకే గిన్నెలో తింటే రాని జబ్బు అది. హాస్టల్లో ఉండే అమ్మాయికి దానివల్ల వచ్చే ముప్పు తెలియనితనం నుంచే వస్తుంది. వెళ్లేముందు మీరే కూర్చోబెట్టి విడమరచి చెప్పండి, సిగ్గుపడకండి.

అయితే ఈ జబ్బు ఆ ఊళ్ల మీద వేసిన ముద్ర అమ్మాయికి రోజూ కనబడుతుంది. అమ్మానాన్నలు పోయిన పిల్లల్ని అమ్మమ్మలు, నానమ్మలు పెంచుతున్న ఇళ్లు చాలా ఉన్నాయి. వాళ్లని అక్కడ ‘గోగో’ అని పిలుస్తారు. వాడలో ఆడవాళ్లు కొందరు కలిసి, జీతం లేకుండా, అలాంటి పిల్లలకు ఒక పూట వండిపెట్టి నాలుగు అక్షరాలు నేర్పే చోట్లున్నాయి. దాదాపు మన అంగన్‌వాడీ లాంటివే.

మీరు ‘సేవ కూడా చేయాలట’ అని రాసింది ఇలాంటి చోట్ల గురించే. ఇది స్కూలు సరదాగా పెట్టుకున్న కార్యక్రమం అనుకోకండి, ఐబీ డిప్లొమా రావాలంటే కనీసం 18 నెలల పాటు ఇలాంటి పనుల్లో పాల్గొనాలి. దీనికి మార్కులు లేవు గానీ ఇది పూర్తి కాకపోతే డిప్లొమా రాదు. నన్నడిగితే ఆ రెండేళ్లలో అసలైన చదువు ఇదే, చాలామంది పిల్లలు పాడుచేసుకునేదీ ఇదే. కొండ మీద స్కూల్లో డజన్ల దేశాల పిల్లలు, చర్చలు, లైబ్రరీ. కొండ దిగితే నీళ్లు మోసుకొచ్చుకునే ఇళ్లు. పదహారేళ్ల పిల్ల మొదటి నెలలో చేసే పని తెలిసిందే: జాలిపడడం, ఫొటోలు తీయడం, ఇన్‌స్టాలో పెట్టడం. ఇంకొంచెం చురుకైన పిల్ల అయితే ఒక ప్రాజెక్టు మొదలుపెట్టి దానికో పేరు పెట్టి, పరీక్షలు రాగానే వదిలేస్తుంది. స్కూలు పిల్లలు రెండేళ్లకోసారి మారిపోతారు, ఆ గోగోలు మాత్రం అక్కడే ఉంటారు. ఎంతమంది వచ్చారో, ఏమేం చెప్పారో వాళ్లకు గుర్తుంటుంది.

అందుకని అమ్మాయికి రెండు మాటలు చెప్పి పంపండి. మొదటి ఏడాది కొత్తగా ఏమీ మొదలుపెట్టొద్దు, అప్పటికే ఎవరో నడుపుతున్న పనిలో చేరి, చెప్పినది చేయాలి: గిన్నెలు కడగడం, పిల్లలతో ఆడటం, లెక్కలు చెప్పడం. రెండోది, అక్కడివాళ్ల భాష సిస్వాతి నేర్చుకోవాలి. స్కూల్లో అందరూ ఇంగ్లిషే మాట్లాడతారు కాబట్టి బద్ధకిస్తే రెండేళ్లలో నాలుగు ముక్కలు కూడా రావు. ఎదురుపడిన పెద్దవాళ్లను ‘సానిబోనాని’ అని ముందు తనే పలకరించాలి. ఏదైనా ఇస్తే రెండు చేతులతో తీసుకోవాలి. ఎడంచేత్తో ఇవ్వకూడదని నేర్చుకుని పెరిగిన పిల్లకు ఇది కష్టమేమీ కాదు. అడగకుండా ఎవరి బిడ్డనూ ఫొటో తీయకూడదు.

దీనికీ కెరీర్‌కూ సంబంధమేంటని మీవారు అడుగుతారు. ప్రజారోగ్యం, ఆర్థికశాస్త్రం, న్యాయం, పర్యావరణం, బోధన లాంటి రంగాల్లో పై చదువులకు దరఖాస్తు పెట్టినప్పుడు వ్యాసాలు రాయాలి. ‘నేను పేద పిల్లలకు సేవ చేశాను’ అనే వ్యాసాలు చదివి చదివి అడ్మిషన్ల వాళ్లకు విసుగెత్తింది. ఒకే చోటికి ఏడాదిన్నర వెళ్లి, అక్కడి భాషలో మాట్లాడిన పిల్ల రాసేది వేరుగా ఉంటుంది. అమెరికాలో దాదాపు వంద కాలేజీల్లో యునైటెడ్ వరల్డ్ కాలేజీల పిల్లలకు డేవిస్ స్కాలర్‌షిప్ ఏర్పాటు కూడా ఉంది. కాలేజీని బట్టి, ఇంటి ఆదాయాన్ని బట్టి సాయం అందుతుంది. మన దేశంలోనూ ఐబీ డిప్లొమాకు ఇంటర్‌తో సమానమన్న గుర్తింపు ఉంది, సమానత్వ ధ్రువపత్రం మాత్రం అడుగుతారు. అక్కడ ఆఖరి పరీక్షలు నవంబరులో ఉంటాయి, ఆ తర్వాత కొన్ని వారాల్లో ఫలితాలు వస్తాయి. అంటే ఇక్కడ కేంద్రీయ విశ్వవిద్యాలయాల ప్రవేశ పరీక్ష సీయూఈటీ రాయడానికైనా, ఆగస్టులో బయటికి వెళ్లడానికైనా మధ్యలో కొన్ని నెలలు ఖాళీ దొరుకుతుంది.

రాజకీయాల విషయంలో మీ భయం సబబే. అక్కడ రాజుదే తుది మాట, 1973 నుంచి పార్టీలపై నిషేధం ఉంది. 2021 జూన్‌లో ప్రజాస్వామ్యం కావాలంటూ జరిగిన ఆందోళనల్లో ప్రాణాలు పోయాయి, ఇంటర్నెట్ ఆపేశారు. స్కూల్లో దేని గురించైనా వాదించుకోవచ్చు. బయట, ఫోన్లో, సోషల్ మీడియాలో పరాయి దేశపు రాజు గురించి రాసేటప్పుడు మాత్రం ఆచితూచి ఉండాలి. అలాంటి రోజుల్లో పిల్లల విషయంలో ఏ జాగ్రత్తలు తీసుకున్నారో స్కూల్‌నే సూటిగా అడగండి, జవాబు చెప్పాల్సిన బాధ్యత వాళ్లది.

తిండికి పెద్ద ఇబ్బంది ఉండదు. అక్కడి పాప్ మన మొక్కజొన్న సంకటే అనుకోవచ్చు, ఎమాసి అని పుల్లటి పెరుగు తింటారు. ఆవకాయ సీసా ఒకటి పెట్టండి, చాలు. చదువుకోమని వెంటపడేవాళ్లు లేకపోవడమే మొదట్లో కష్టం. 4,000 పదాల పరిశోధన వ్యాసం తనే అంశం ఎంచుకుని రాయాలి. కార్పొరేట్ కాలేజీ నుంచి వెళ్లిన పిల్లలు తొలి టర్మ్‌లో తడబడతారు, మార్కులు తగ్గుతాయి. అప్పుడు ఫోన్ చేసి ‘చెప్పానా’ అనకండి. అక్కడి టైం మనకన్నా మూడున్నర గంటలు వెనక, ఆదివారం మన సాయంత్రం మాట్లాడుకోవడానికి అనువుగా ఉంటుంది.

ఒప్పుకునే ముందు స్కూల్‌కు ఒకే ఈమెయిల్‌లో అన్నీ అడిగేయండి. స్కాలర్‌షిప్‌లో విమానం టికెట్లు, వైద్య బీమా, చేతి ఖర్చు ఉన్నాయా? చిన్న సెలవుల్లో పిల్లలు ఎక్కడ ఉంటారు? అమ్మాయి కోరుకుంటున్న సబ్జెక్టులు ఆ ఏడాది ఉన్నాయా? మాతృభాషా సాహిత్యాన్ని సొంతంగా చదువుకుని పరీక్ష రాసే పద్ధతి ఐబీలో ఉంది, తెలుగుకు కుదురుతుందా? జోహన్నెస్‌బర్గ్‌లో దిగి రోడ్డు మీద వెళ్లాలంటే దక్షిణాఫ్రికా వీసా కూడా కావాలి, అందుకు స్కూలు ఉత్తరం ఇస్తుందా? ఈమెయిల్ అమ్మాయి చేతే రాయించండి. ఇక ఇంటర్ కాలేజీ నుంచి టీసీ మాత్రం వీసాలు చేతికొచ్చేదాకా తీసుకోకండి.