క్యాబిన్‌లో కూర్చున్నారా, బస్తాల మీద కూర్చున్నారా?

ప్రశ్న: మాది గడ్చిరోలి జిల్లా సిరొంచ తాలూకా. నా వయసు 38. మార్చి 5 రాత్రి మిర్చి బస్తాలతో పికప్ బండిలో వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పోతున్నాం. కాటారం దాటాక డ్రైవర్ కునుకు తీసి బండిని ఎడమ పక్క చెట్టుకు కొట్టాడు. నా ఎడమ మోచెయ్యి నుజ్జయింది. వరంగల్‌లో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ప్లేట్లు వేశారు. 2 లక్షల 40 వేలు ఖర్చయింది, బిల్లులు కొన్ని పోయాయి. చెయ్యి ఇప్పటికీ పూర్తిగా వంగట్లేదు. బండి మా పెద్దమ్మ కొడుకుది. ఒక కంచంలో తిని పెరిగాం. ఖర్చంతా తనదే అన్నవాడు 20 వేలిచ్చి ముఖం చాటేశాడు. మనవాళ్లే కదా అని పోలీసు కేసు పెట్టలేదు. పెద్దమనుషులు 60 వేలు ఇప్పిస్తాం, కాగితం రాసుకోండి అంటున్నారు. బైకు మీద పోతుంటే ఆ పికప్ గుద్దిందని కేసు వేస్తే ఇన్సూరెన్స్ తొందరగా వస్తుందని ఒక మిత్రుడు చెప్తున్నాడు. నాట్లు అయ్యాక చూద్దామనుకుంటున్నా. సొంత అన్న లాంటివాడే మోసం చేస్తే నాకు న్యాయం ఎవరు చేస్తారు?

జవాబు: మీ అన్న మాట తప్పిన సంగతి మీ ఊళ్లో తేల్చుకోవాల్సింది. కోర్టు దాన్ని అడగదు. కోర్టు అడిగేది, మీ ఉత్తరంలో ఎక్కడా లేనిది ఒక్కటే ఉంది. చెట్టుకు కొట్టినప్పుడు మీరు బండిలో ఎక్కడ కూర్చున్నారు, ఎవరి సరుకుతో పోతున్నారు?

సరుకు బండిలో ఊరికే ఎక్కినవాళ్లకు గాయమైతే ఇన్సూరెన్స్ కంపెనీకి బాధ్యత లేదని సుప్రీంకోర్టు 2002లో ఆశారాణి కేసులో చెప్పింది. అయితే సరుకు యజమానిని గానీ, ఆయన తరఫున సరుకుతో వెళ్లే మనిషిని గానీ పాలసీ కాపాడుతుంది. మోటారు వాహనాల చట్టం 147వ సెక్షన్‌లో 1994 సవరణతో వచ్చిన రక్షణ అది. అందులోనూ ఒక మెలిక ఉంది. సరుకు యజమాని అంటే క్యాబిన్‌లో కూర్చుని వెళ్లేవాడే, వెనక సరుకు మీద ఎక్కినవాడు కాదని 2007లో చోళ్లేటి భారతమ్మ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. కాబట్టి మీరు మీ మిర్చితో, డ్రైవర్ పక్క సీట్లో వెళ్లి ఉంటే కేసు గట్టిది. బస్తాల మీద పడుకుని వెళ్లి ఉంటే ఇన్సూరెన్స్ చేతులెత్తేస్తుంది, అప్పుడు మీ అన్న ఆస్తి మీదే పడాలి. కొన్ని కేసుల్లో ముందు కంపెనీనే కట్టి తర్వాత యజమాని దగ్గర రాబట్టుకొమ్మని కోర్టులు ఆదేశించిన మాట నిజమే. దాన్ని ముందే లెక్కలో వేసుకోకండి.

మీరు రాసిన గాయాన్ని బట్టి క్యాబిన్‌లోనే ఉన్నారని నాకు అనిపిస్తోంది. బండి ఎడమ పక్క చెట్టుకు కొట్టింది, నుజ్జయింది ఎడమ మోచెయ్యి. ఎడమ తలుపు లోపలికి నొక్కుకుపోయిన ఫొటో ఉంటే అది పది సాక్ష్యాల పెట్టు. బండి ఇప్పటికే షెడ్డులో బాగయిపోయి ఉంటే ఆ రాత్రి అక్కడికి వచ్చినవాళ్ల ఫోన్లలో వెతకండి. అంతకన్నా ముఖ్యం ఆస్పత్రి కేస్ షీట్. చేర్చుకునేటప్పుడు గాయం ఎలా తగిలిందో అందులో రాస్తారు. దాని నకలు ఇవాళే అడగండి. ఆ పక్క సీట్లో మీతో పాటు ఇంకెవరు ఉన్నారో కూడా గుర్తు చేసుకోండి. ఆర్సీలో రాసిన సీట్ల కన్నా ఎక్కువమంది ఎక్కితే కంపెనీ వకీలు మొదట పట్టుకునేది దాన్నే.

సరుకు మీదేనని చూపాలి. ఆ మిర్చి తర్వాత వేరే బండిలో మార్కెట్‌కు చేరే ఉంటుంది కదా. అడ్తి దుకాణంలో తక్‌పట్టీ, అంటే అమ్మకం చీటీ తీయించండి. దాని మీద తేదీ, బస్తాల లెక్క, రైతు పేరు ఉంటాయి. పేరు మీదైతే మంచిదే. మీ నాన్న పేరో తమ్ముడి పేరో ఉంటే భయపడక్కర్లేదు, వాళ్ల తరఫున మీరు సరుకుతో వెళ్లారని వాళ్లే కోర్టులో చెప్పాలి. కిరాయి ఫోన్‌పేలో పంపి ఉంటే ఆ రసీదు దాచండి. చేతికిచ్చి ఉంటే మీ అన్న నోటితోనే చెప్పించాలి.

ఆయన చెప్తాడా అంటే, చెప్పడమే ఆయనకు లాభం. పాలసీ చెల్లుబాటులో ఉండి, మీరు సరుకుతో క్యాబిన్‌లో ఉంటే పరిహారం కట్టేది కంపెనీ, ఆయన జేబు కాదు. యజమాని కాబట్టి ఆయన పేరు పిటిషన్‌లో ఉండక తప్పదు. ఇంటికెళ్లి ఈ మాట నెమ్మదిగా చెప్పండి. మార్చి 5 నాటికి పాలసీ ఉందా అన్నది బండి నంబరుతో ఎంపరివాహన్ యాప్‌లో మొదలుపెట్టి చూడండి, తర్వాత పాలసీ కాగితం తీసుకోండి. డ్రైవర్‌కు లైట్ మోటార్ వెహికల్ లైసెన్సే ఉందన్న బెంగ వద్దు. మొత్తం బరువు 7,500 కిలోల లోపు రవాణా వాహనాలకు ఆ లైసెన్సు చాలని 2024 నవంబరులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం తేల్చింది.

ఇక మీ మిత్రుడి సలహా. దాని దగ్గరికి కూడా పోవద్దు. బైకు మీద ఉన్నానని ప్రమాణం చేసి చెప్పిన రోజు మీ కేస్ షీటే మీకు ఎదురు తిరుగుతుంది. కంపెనీ దర్యాప్తు మనిషి కాటారం వచ్చి నాలుగు టీ కొట్ల దగ్గర అడిగితే ఆ రాత్రి బైకు లేదని తెలిసిపోతుంది. అది భారతీయ న్యాయ సంహిత 318 కింద మోసం, 229 కింద అబద్ధపు సాక్ష్యం. మీరు ముద్దాయి అవుతారు. అబద్ధంతో పాటు మీ నిజమైన కేసు కూడా పోతుంది. క్యాబిన్‌లో లేకపోయినా ఉన్నానని చెప్పడానికీ ఇదే వర్తిస్తుంది.

పెద్దమనుషుల కాగితం మీద కూడా సంతకం పెట్టొద్దు. ‘ఇకపై ఏ క్లెయిమూ లేదు’ అని స్టాంపు కాగితం మీద రాసిస్తే రేపు అవతలి వకీలు దాన్నే కోర్టులో ఎత్తి చూపుతాడు. 60 వేలు ఎంత తక్కువో ఒక లెక్క చూడండి. నెలకు 12 వేల ఆదాయమని కోర్టు ఒప్పుకుందనుకుందాం. ఏడాదికి 1,44,000. 40 ఏళ్ల లోపు సొంత పని చేసుకునేవాళ్లకు భవిష్యత్తు పెరుగుదలకు 40 శాతం కలిపితే 2,01,600. ఏడాది ఆదాయాన్ని వయసును బట్టి ఒక గుణకంతో హెచ్చిస్తారు. మీ వయసుకు అది 15, అంటే 30,24,000. సంపాదించే శక్తి 30 శాతం పోయిందని తేలితే 9,07,200. వైద్యం ఖర్చు, నొప్పికి పరిహారం, ప్లేట్లు తీయడానికి ఇంకో ఆపరేషన్ కావాలంటే దాని ఖర్చు ఇవన్నీ దీని మీద అదనం. ఇది ఉదాహరణ లెక్కే, మీకు వచ్చేది సాక్ష్యాన్ని బట్టి మారుతుంది.

ఆ శాతం దగ్గరే చాలామంది నష్టపోతారు. జిల్లా మెడికల్ బోర్డు చేతికి ఇంత శాతం వైకల్యం అని రాస్తుంది. ఆ చెయ్యి లేక మీ పని ఎంత ఆగిందన్నది వేరే లెక్క అని 2010లో రాజ్‌కుమార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మిర్చి రైతు వీపున మందు పంపు మోస్తాడు. కుడి చేత్తో నాజిల్ పట్టుకుంటే లీవరు కొట్టాల్సింది ఎడమ చేత్తోనే. మోచెయ్యి వంగకపోతే లీవరు కిందికి దిగదు, మనిషిని కూలికి పెట్టాల్సిందే. ఈ సంగతి మీరు, మీకు ఆపరేషన్ చేసిన డాక్టరు, ఇద్దరూ కోర్టులో చెప్పాలి. సర్టిఫికెట్ ఒక్కటీ పడేస్తే చాలదు.

నిర్లక్ష్యం విషయంలో మిమ్మల్ని మందలించక తప్పదు. పోలీసు కేసు లేదు, బిల్లులు పోగొట్టారు, పైగా నాట్లు అయ్యాక చూస్తానంటున్నారు. మోటారు వాహనాల చట్టం 166(3) ప్రకారం ప్రమాదం జరిగిన 6 నెలల్లో పిటిషన్ వెయ్యాలి. మీకు సెప్టెంబరు 5తో ఆ గడువు అయిపోతుంది, మీ నాట్లూ అప్పటికే అవుతాయి. ఈ నిబంధన చెల్లుతుందా అన్నది సుప్రీంకోర్టు ముందుంది, గడువు దాటిందని పిటిషన్లు కొట్టెయ్యొద్దని 2025 నవంబరులో మధ్యంతర ఆదేశమూ వచ్చింది. మధ్యంతర ఆదేశం ఎప్పుడైనా మారొచ్చు. దాన్ని నమ్ముకుని కూర్చోకండి, ఆగస్టులోనే వెయ్యండి.

ముందు ఎఫ్ఐఆర్. ఆలస్యమైనంత మాత్రాన క్లెయిమ్ చావదని 2011లోనే సుప్రీంకోర్టు చెప్పింది, కానీ ఆలస్యానికి కారణం ఫిర్యాదులోనే రాయాలి. చికిత్సలో ఉన్నాను, బంధువు ఖర్చు భరిస్తానన్నాడు అని ఉన్నది ఉన్నట్టు రాయండి. కాటారం పోలీసులు తీసుకోకపోతే రాతపూర్వకంగా ఎస్పీకి పోస్టులో పంపండి, అప్పటికీ కదలకపోతే మేజిస్ట్రేటు ఉన్నాడు. సిరొంచ స్టేషన్‌లో ఇచ్చినా, తమ పరిధి కాకపోయినా జీరో ఎఫ్ఐఆర్ కట్టి కాటారం పంపాల్సిందే. అయినా నేరుగా కాటారం వెళ్లడమే మేలు, దర్యాప్తు చేసేది వాళ్లే. పోయిన బిల్లులకు ఆస్పత్రిలో, మందుల షాపులో నకళ్లు అడగండి.

కేసు ఎక్కడ వెయ్యాలన్నది మీ ఇష్టం. మీరుండే చోట వెయ్యొచ్చు, ప్రమాదం జరిగిన చోటా వెయ్యొచ్చు. గడ్చిరోలి మీ జిల్లా కోర్టే అయినా అది మీకు దాదాపు 200 కిలోమీటర్లు. పోలీసు కాగితాలన్నీ తెలుగులో ఉంటాయి, అక్కడ ప్రతిదీ అనువాదం చేయించాలి, వరంగల్ డాక్టరును అంత దూరం రప్పించాలి. వంతెన దాటి భూపాలపల్లిలో వేస్తే పోలీసులు, డాక్టరు, అడ్తిదారు అందరూ దగ్గర. నేనైతే అక్కడే వేస్తాను. వకీలు ఫీజుకు వెనకాడుతుంటే అక్కడి న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. ఎస్సీ, ఎస్టీలకు, ఆదాయం తక్కువున్నవాళ్లకు ఉచితంగా వకీలును పెడతారు.