తొలి ఫోటోల్లో మనుషుల కంటే కట్టడాలే ఎక్కువ కనిపిస్తాయి, ఎందుకు?

కట్టడం కదలదు కాబట్టి. 1826-27 ప్రాంతంలో ఫ్రాన్స్‌లో, ఫోటోగ్రఫీకి ఆద్యుల్లో ఒకడైన నియెప్స్ తన కిటికీలోంచి తీసిన చిత్రానికి గంటల తరబడి, బహుశా రోజుల తరబడి, వెలుతురు పట్టించాల్సి వచ్చింది. అంతసేపు నిలకడగా ఉండేవి గోడలూ కప్పులే. 1835లో ఇంగ్లండులో మరో ఆద్యుడు టాల్బట్ లేకాక్ ఆబీ అనే తన ఇంటి కిటికీని తపాలా బిళ్లంత నెగటివ్‌లో (వెలుగునీడలు తారుమారుగా పడే చిత్రంలో) పట్టాడు. భూతద్దం పెట్టి చూస్తే సుమారు 200 అద్దం పలకలు లెక్కపెట్టవచ్చని పక్కనే రాసుకున్నాడు. ఆ మాట చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

అసలు మలుపు 1851లో వచ్చింది. మరమ్మతులు కావలసిన పాత చర్చిలు, కోటలు ఎలా ఉన్నాయో నమోదు చేసి తెమ్మని ఫ్రాన్స్ ప్రభుత్వ స్మారక కట్టడాల సంఘం ఐదుగురు ఫోటోగ్రాఫర్లను పంపింది. వాళ్లలో బాల్డుస్ పనితనం నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపిస్తుంది. ఆర్ల్ ఊళ్లోని సెయింట్ ట్రోఫీమ్ మఠం వసారా ఒక్క నెగటివ్‌లో ఇమడదు. అందుకని ముక్కలు ముక్కలుగా సుమారు పది నెగటివ్‌లు తీసి, అతుకుల దగ్గర చేత్తో దిద్ది, ఒకే చిత్రంగా కలిపాడు.

మన దేశంలో బ్రిటిష్ సైనికాధికారి, ఫోటోగ్రాఫర్ లినేయస్ ట్రైప్ 1858లో తంజావూరు బృహదీశ్వరాలయం పీఠం మీది శాసనాలను 21 ఫోటోలుగా తీసి వరసగా అతికించాడు. అలా అతికిన చిత్రం పొడవు సుమారు 19 అడుగులు.