కీ స్విచ్ కొనే ముందు లాక్‌ని చూడు

తమ్ముడూ,

తలుపుకి ఎలక్ట్రిక్ లాక్ పెడుతున్నావనీ, బయటి నుంచి తాళంచెవి తిప్పితే తెరుచుకునేలా కీ స్విచ్ కావాలనీ రాశావు. ఏది కొనమంటావని అడిగావు. కొనడం తర్వాత. ముందు ఆ లాక్ ఏ రకమో తేల్చుకో. కరెంటు పోతే వదిలేసేదా, కరెంటు పోయినా పట్టుకునే ఉండేదా? మాగ్నెటిక్ లాక్ అయితే ఆలోచించక్కర్లేదు, కరెంటు పోతే వదిలేస్తుంది. స్ట్రైక్ (తలుపు చట్రంలో కూర్చుని, తలుపు లాచ్ నాలుకని పట్టి వదిలేది), బోల్టు లాక్ మాత్రం రెండు రకాల్లోనూ దొరుకుతాయి, పైకి చూస్తే ఒకేలా ఉంటాయి. డబ్బా మీద రాసింది నమ్మకుండా బల్ల మీద పెట్టి, దానికి కావలసిన వోల్టేజీ ఇచ్చి, తీసి చూడు. అర నిమిషం పని.

అది తేలితే వైరింగ్ దానంతటదే తేలుతుంది. స్విచ్ వెనక సాధారణంగా మూడు టెర్మినళ్లు ఉంటాయి: కామన్ (రెండింటికీ ఉమ్మడిది), ఎన్‌ఓ (చెవి తిప్పనప్పుడు తెగి ఉండేది), ఎన్‌సీ (చెవి తిప్పనప్పుడు కలిసి ఉండేది). కరెంటు ఇస్తే తెరుచుకునే స్ట్రైక్‌కి కామన్, ఎన్‌ఓ వాడాలి. తాళంచెవి తిప్పితే సర్క్యూట్ కలుస్తుంది. మాగ్నెటిక్ లాక్‌కి కామన్, ఎన్‌సీ. తిప్పితే సర్క్యూట్ తెగుతుంది. రెండుచోట్ల కీ స్విచ్‌లు పెట్టాల్సొస్తే ఎన్‌ఓ వాటిని పారలల్‌లో, ఎన్‌సీ వాటిని సిరీస్‌లో కలుపు. ఇది తారుమారైతే రెండు తాళాలూ ఒకేసారి తిప్పితే గానీ తలుపు తెరుచుకోదు.

స్విచ్ తిప్పి వదిలితే వెనక్కి వచ్చేదా, తిప్పినచోటే నిలిచేదా అన్నది రెండో ప్రశ్న. రాకపోకల తలుపుకి స్ప్రింగుతో వెనక్కి వచ్చేదే తీసుకో. చెవి వెనక్కి వచ్చి ఆగే స్థానంలో మాత్రమే బయటికి రావాలి. అలాంటప్పుడు తలుపు తెరిచే ఉంచి చెవి జేబులో వేసుకుని పోవడం కుదరదు. నిలిచే రకం పగలంతా తలుపు తెరిచి ఉంచాల్సిన చోటుకి పనికొస్తుంది, కానీ లాక్ లోపలి కాయిల్ (తీగచుట్ట) అందుకు ఒప్పుకోవాలి. చాలా స్ట్రైక్‌లు, సోలెనాయిడ్ (కాయిల్‌తో లాగే) బోల్టులు కొద్ది సెకన్ల కరెంటుకే తయారైనవి. స్విచ్‌ని అలాగే ఉంచేస్తే గంటలో చెయ్యి పెట్టలేనంత వేడెక్కి, తీగ మీది ఎనామిల్ పూత కాలి, కాయిల్ షార్ట్ అవుతుంది. నిరంతరం కరెంటు తట్టుకుంటుందని లాక్ కాగితంలో ఉంటేనే నిలిచే స్విచ్ పెట్టు.

ఇక అందరూ తప్పు చేసే చోటికి వద్దాం. స్విచ్ మీద 3 ఆంపియర్లు, 250 వోల్టులు అని కొట్టి ఉంటుంది. అది ఏసీ లెక్క. 50 హెర్ట్జ్ ఏసీ సెకనుకి 100 సార్లు సున్నా దాటుతుంది కాబట్టి కాంటాక్టుల మధ్య లేచే నిప్పు దానంతటదే ఆరిపోతుంది. డీసీకి ఆ సౌకర్యం లేదు. అందుకే అదే స్విచ్ డీసీలో అంత మోయలేదు. దానికితోడు లాక్ అంటే కాయిల్. ఆపిన క్షణాన వెనక్కి వందల వోల్టుల దెబ్బ కొడుతుంది. రోజూ పది ఇరవై సార్లు ఆ నిప్పు తింటే కాంటాక్టులకి గుంటలు పడతాయి, లేదంటే రెండూ అతుక్కుపోతాయి. స్ట్రైక్ వైపు అతుక్కుంటే తలుపు రాత్రంతా తెరిచే ఉంటుంది. మాగ్నెటిక్ లాక్ వైపు అతుక్కుంటే తాళం తిప్పినా తలుపు రాదు.

దీనికి మందు ఒక డయోడ్, అంటే కరెంటుని ఒకవైపే పోనిచ్చే చిన్న భాగం. డీసీ స్ట్రైక్ అయితే 1ఎన్4007ని లాక్ దగ్గరే, రెండు వైర్ల మీద అడ్డంగా, వెండి గీత ఉన్న కొస ప్లస్ వైపు వచ్చేలా కట్టు. తిరగబడితే సప్లై నేరుగా షార్ట్ అవుతుంది, చూసుకుని పెట్టు. స్విచ్ దగ్గర కాదు, లాక్ దగ్గరే అని గుర్తుంచుకో. దెబ్బ పుట్టేచోటే దాన్ని ఆపాలి. ఏసీతో నడిచే లాక్‌కి డయోడ్ పనికిరాదు, వేరిస్టర్ (వోల్టేజీ మితిమీరితే ఆ దెబ్బని మింగేసేది) పెట్టాలి. మాగ్నెటిక్ లాక్‌కి మాత్రం డయోడ్ పెట్టకు. అయస్కాంతంలో మిగిలిన శక్తి డయోడ్ గుండా తిరుగుతూ ఉండి, తలుపు వదలడం ఆలస్యమవుతుంది. వాటిలో చాలావరకు లోపలే వేరిస్టర్ ఉంటుంది.

ఇంతకన్నా మంచి పద్ధతి లాక్ కరెంటుని కీ స్విచ్‌లోకి రానివ్వకపోవడం. తాళంచెవి ఒక రిలేనో (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపి తెంచే స్విచ్), టైమర్ బోర్డునో లేపాలి, లాక్‌ని రిలే ఆడించాలి. టైమర్ అయితే 5 సెకన్లు పెట్టు, చెవి తిప్పి తలుపు లాగడానికి సరిపోతుంది. ఒక్క జాగ్రత్త: బోర్డు ఇన్‌పుట్‌లో పారేది కొద్ది మిల్లీ ఆంపియర్లే. ఎక్కువ కరెంటు కోసం చేసిన వెండి కాంటాక్టులు అంత చిన్న సిగ్నల్‌కి పైపొర పట్టి మొరాయిస్తాయి. బోర్డుకి కలిపే స్విచ్‌కి బంగారు పూత కాంటాక్టులు ఉన్నది వెతుకు.

బయట గోడ మీద ఉండే స్విచ్‌ని ఎవరైనా పీకుతారనే అనుకుని పనిచెయ్. ఎన్‌ఓ వైర్లు రెండూ దొరికితే చాలు, ఒకదానికొకటి తాకిస్తే తలుపు తెరుచుకుంటుంది. మాగ్నెటిక్ లాక్‌కి ఎన్‌సీ నేరుగా సిరీస్‌లో పెడితే ఇంకా సులువు, వైరు కత్తిరిస్తే చాలు. రిలే లోపల ఉంచి కీ స్విచ్‌ని ఎన్‌ఓగా వాడితే కత్తిరించడం వల్ల తలుపు రాదు గానీ, షార్ట్ చేస్తే వస్తుంది. దాన్నీ ఆపాలంటే వైరు మీద నిఘా పెట్టే ఇన్‌పుట్ ఉన్న కంట్రోలర్ (తలుపుని నడిపే బోర్డు) కావాలి. స్విచ్ చివర రెండు రెసిస్టర్లు కలిపితే మామూలుగా ఉండటం, తాళం తిప్పడం, వైరు తెగడం, షార్ట్ కావడం నాలుగూ వేర్వేరు విలువలుగా దానికి తెలుస్తాయి. విలువలు కంట్రోలర్ కాగితంలో ఉంటాయి. ఆ రెసిస్టర్లు స్విచ్ డబ్బాలోనే ఉండాలి. పని తొందరలో వాటిని కంట్రోలర్ టెర్మినళ్ల మీదే బిగించేవాళ్లు బోలెడుమంది. అప్పుడు బయటి వైరు మీద జరిగేది ఏదీ దానికి తెలియదు. డబ్బా మూత తీస్తే తెలిపే చిన్న మైక్రో స్విచ్, మామూలు స్క్రూడ్రైవర్‌కి తిరగని స్క్రూలు కూడా పెట్టు.

వైరు దగ్గర లోభం వద్దు. 280 కిలోల బలంతో పట్టుకునే మాగ్నెటిక్ లాక్ 12 వోల్టుల మీద సుమారు అర ఆంపియరు తీసుకుంటుంది. సప్లై నుంచి 30 మీటర్లంటే పోను రాను 60 మీటర్లు. 0.5 చదరపు మిల్లీమీటర్ల వైరులో ఒక వోల్టుకి పైనే పోతుంది, 1.5 వేస్తే అర వోల్టు లోపే. వోల్టేజీ సప్లై దగ్గర కాదు, లాక్ పనిచేస్తుండగా దాని టెర్మినళ్ల మీద కొలువు. 24 వోల్టుల లాక్ దొరికితే కరెంటు సగానికి పడుతుంది, ఈ గొడవ చాలావరకు తీరిపోతుంది.

బిగింపులో ఒక చిన్న సంగతి చూడు. స్విచ్ బారెల్‌కి రెండు పక్కలా చదునుగా ఉంటుంది. ప్లేటుకి డ్రిల్లుతో గుండ్రంగా రంధ్రం చేసి వదిలేస్తే, నట్టు ఎంత బిగించినా కొన్నాళ్లకి స్విచ్ మొత్తం చెవితోపాటు తిరుగుతుంది. లోపల వైర్లు మెలిపడి సోల్డర్ దగ్గర తెగుతాయి. రంధ్రాన్ని కొంచెం చిన్నగా తొలిచి, చదును పక్కల్ని ఆకురాయితో గీకుతూ బారెల్ గట్టిగా కూర్చునేదాకా సరిచెయ్. బయట అయితే దుమ్ము, నీళ్లు చొరని ఐపీ 65 డబ్బా, కేబుల్ కింది నుంచే లోపలికి, గ్లాండ్ (కేబుల్ దూరేచోటి బిగింపు) ముందు వైరుకి ఒక వంపు. నీటిచుక్క ఆ వంపు దగ్గరే జారి పడిపోతుంది. తాళంలో నూనె పొయ్యకు, దుమ్ము పట్టి ముద్దవుతుంది. గ్రాఫైట్ పొడి చాలు.

మాగ్నెటిక్ లాక్ పట్టుకునే ఇనుప ప్లేటు తలుపుకి కొంచెం ఊగేలా, రబ్బరు వాషర్ మీద కూర్చోవాలి. కదలకుండా బిగిస్తే ముఖాలు పూర్తిగా అతకక, పట్టు చాలా తగ్గిపోతుంది. స్ట్రైక్ అయితే తలుపు గాస్కెట్ (అంచు రబ్బరు పట్టీ) తలుపుని వెనక్కి తోస్తున్నప్పుడు లాచ్ నాలుక స్ట్రైక్ మీద బిగుసుకుంటుంది. అప్పుడు కాయిల్ టక్కుమంటుంది, తలుపు మాత్రం రాదు. జనం స్విచ్‌ని తిడతారు. తలుపుని ఒక్కసారి లోపలికి నొక్కి చెవి తిప్పు. తెరుచుకుంటే లోపం స్ట్రైక్ సర్దుబాటులో ఉంది.

లోపల ఉన్నవాళ్లు బయటపడే దారి మాత్రం కీ స్విచ్‌తో ముడిపెట్టకు. మాగ్నెటిక్ లాక్ ఉంటే లోపల బయటికెళ్లే బటన్ ఒకటి, అద్దం పగలగొట్టే అత్యవసర పెట్టె ఒకటి ఉండాలి. అవి టైమర్ బోర్డు మీద ఆధారపడకుండా లాక్ కరెంటుని నేరుగా తెంచాలి. బోర్డు పాడైనా మనిషి బయటికి రావాలి కదా. ఫైర్ అలారం రిలే కూడా అదే లైనులో సిరీస్‌గా. వీటన్నిటినీ సప్లైకీ లాక్‌కీ మధ్య, డీసీ వైపే తెంచు. సప్లైకి వచ్చే 230 వోల్టుల వైపు తెంచితే, కరెంటు పోయినప్పటి కోసం సప్లైకి పెట్టిన బ్యాటరీ లాక్‌ని గంటల తరబడి పట్టుకునే ఉంచుతుంది. 7 ఆంపియర్ అవర్ల బ్యాటరీ మీద అర ఆంపియరు లాక్ కాగితం లెక్కన 14 గంటలు ఉంటుంది. కరెంటు పోతే పట్టుకునే ఉండే స్ట్రైక్ అయితే లోపలి హ్యాండిల్ తిప్పగానే మామూలుగా లాచ్ వెనక్కి రావాలి, కరెంటుతో సంబంధం లేకుండా.

పరీక్ష ఈ వరసలో చెయ్. వైర్లు కలపకముందు స్విచ్‌ని మల్టీమీటర్ బీప్ మీద పెట్టి, చెవి తిప్పుతూ రెండు జతలూ చూడు. కలిపాక ఓ ఇరవై సార్లు తిప్పి వదులు, ఒక్కసారి తడబడినా వదిలెయ్యకు. తర్వాత మెయిన్ కరెంటు తీసి బ్యాటరీ మీద, ఆపై బ్యాటరీ కూడా తీసి తలుపు ఏం చేస్తుందో చూడు. బయటి స్విచ్ వైరు ఒకటి ఊడదీసి చూడు, రెండూ కలిపి కూడా చూడు. చివరికి లోపల నిలబడి, తలుపు మూసి, అత్యవసర పెట్టె నొక్కు. అప్పటిదాకా తలుపు పూర్తిగా మూసుకుపోకుండా ఒక చెక్క అడ్డం పెట్టి ఉంచు.

లాక్ రకం, వోల్టేజీ, సప్లైకి ఎంత దూరమో రాసి పంపు. రిలే వైరింగ్ గీసి పంపుతాను.

ఉంటాను,
మీ అన్న