ఎంసీబీ ఆపినా కనెక్టర్ దగ్గర మంట ఎందుకొచ్చిందంటే

తమ్ముడూ, చేతికి ఏమీ కాలేదన్నావు, అదే పదివేలు. వైట్‌ఫీల్డ్ అపార్ట్‌మెంట్ టెర్రస్ మీద ఏసీ ఎంసీబీ (ఇంటి కరెంట్ వైపు స్విచ్) ఆపి, సోలార్ ప్యానెళ్ల తీగలను కలిపే ఎంసీ4 కనెక్టర్ లాగగానే మంట లేచిందని, సూపర్‌వైజర్ ‘మామూలే’ అన్నాడని రాశావు. అది మామూలు కాదు.

నీది బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టర్. ఏసీ ఆపినా ప్యానెళ్లు బ్యాటరీని ఛార్జ్ చేస్తూనే ఉంటాయి. అంటే తీగలో కరెంట్ పారుతుండగానే నువ్వు లాగావు. 12 ప్యానెళ్లు వరసగా కలిపితే, ఒక్కోటి 50 వోల్టుల లెక్కన దాదాపు 600 వోల్టుల డీసీ, అంటే ఒకే దిక్కున పారే కరెంట్. ఏసీ దిక్కు మారుతూ సెకనుకు 100 సార్లు సున్నాకి వస్తుంది కాబట్టి మంట తెగుతుంది. డీసీ రాదు, అందుకే సాగుతుంది.

ఇకమీదట ఏసీ తర్వాత డీసీ ఐసొలేటర్ (ప్యానెళ్ల నుంచి వచ్చే డీసీని తెంచే స్విచ్) కూడా ఆపి తాళం వెయ్యి. డీసీ కరెంట్ చూపే క్లాంప్ మీటర్ తీగకు తగిలించు. సున్నా చూపితేనే, గ్లవ్స్ వేసుకుని, స్పానర్‌తో కనెక్టర్ విప్పు. సున్నా రాకపోతే ఎక్కడో ఎర్త్ ఫాల్ట్ (కరెంట్ భూమిలోకి లీకవడం) ఉండొచ్చు; ఎవరెంత తొందరపెట్టినా పొద్దుగూకేదాకా ముట్టుకోకు. కరెంట్ సున్నా అయినా వోల్టేజ్ ఉంటుంది, విప్పిన కొసలకు మూతలు పెట్టు.

ఆ కనెక్టర్ మాత్రం మళ్లీ బిగించొద్దు. నేనొకసారి అలాంటిదే తుడిచి పెట్టేశాను. రెండు వారాలకు చూస్తే పిన్ను నల్లబడి, ప్లాస్టిక్ మెత్తబడి జారిపోయింది. రెండు వైపులా ఒకే కంపెనీవి కొత్తవి వేయించు.