టెక్ సందేహాలు: స్టాండ్‌బై అడిగిన వాల్ ఫైలు దొరకకపోతే

ప్రశ్న: గుణుపురంలోని మా ఆసుపత్రి సర్వర్‌లో పోస్ట్‌గ్రెస్ 15 డేటాబేస్ నడుస్తోంది. దాని స్టాండ్‌బై, అంటే మార్పులను ఎప్పటికప్పుడు అందుకునే నకలు సర్వర్, బరంపురంలో ఉంది. వానలకు తెగిన ఇంటర్నెట్ లైను మూడు రోజులకు బాగుపడింది. అప్పటినుంచి, అడిగిన వాల్ ఫైలు (మార్పుల చిట్టా) ఇప్పటికే తొలగిపోయిందని లాగ్‌లో వస్తోంది, స్టాండ్‌బై ముందుకు కదలడం లేదు. మా లైను నెమ్మది. మొత్తం డేటాబేస్ మళ్లీ కాపీ చేయక తప్పదా?
– ఒక పాఠకుడు, రాయగడ జిల్లా, ఒడిశా

జవాబు: ఆ ఫైలు ఆర్కైవ్‌లో, అంటే వాల్ ఫైళ్ల కాపీలు దాచే చోట, మిగిలి ఉంటే తప్పుతుంది. పోస్ట్‌గ్రెస్ ప్రతి మార్పునూ ముందుగా వాల్ ఫైళ్లలో, మామూలుగా 16 ఎంబీ చొప్పున, రాసుకుంటుంది. ఆ మార్పులు అసలు డేటా ఫైళ్లలోకి చేరే చెక్‌పాయింట్ అయ్యాక తనకు అక్కర తీరిన పాత ఫైళ్లను తీసేస్తుంది. స్టాండ్‌బైకి ఇంకా అందని ఫైళ్లను ఆపి ఉంచే రెప్లికేషన్ స్లాట్ పెట్టకపోతే స్టాండ్‌బై ఎంత వెనకబడిందో అది చూసుకోదు. పాత ఫైళ్లను అట్టిపెట్టే వాల్ కీప్ సైజ్ కూడా మనం మార్చనంతవరకు సున్నాయే.

కాబట్టి లాగ్‌లో ఉన్న 24 అక్షరాల ఫైలు పేరు రాసుకుని ఆర్కైవ్ ఫోల్డరులో వెతకండి. ఆ ఫైలూ తర్వాతివీ వరుస తప్పకుండా ఉంటే వాటిని బరంపురం చేర్చి, ఆర్కైవ్ నుంచి ఫైళ్లు తెచ్చుకునే రీస్టోర్ కమాండ్ సెట్టింగ్‌లో ఆ ఫోల్డరు చూపి స్టాండ్‌బైని రీస్టార్ట్ చేస్తే చాలు. మధ్యలో ఒక్కటి లేకపోయినా దాన్ని దాటి వెళ్లడం కుదరదు. వేరే ఫైలుకు ఆ పేరు పెట్టి చూడాలన్న ఆలోచన దయచేసి పెట్టుకోకండి. ఆర్కైవింగ్ పెట్టి ఉన్నా ఫైలు లేదంటే ఫైళ్లను అక్కడికి కాపీ చేసే ఆర్కైవ్ కమాండ్‌నే అనుమానించాలి. కాపీ విఫలమైనా ఆ స్క్రిప్టు సున్నా (పని అయిందనే సంకేతం) తిరిగిస్తే, ఫైలు భద్రంగా చేరిందని నమ్మి పోస్ట్‌గ్రెస్ అసలుదాన్ని వదిలేస్తుంది.

ఎక్కడా దొరకకపోతే స్టాండ్‌బైని కొత్తగా కట్టాల్సిందే. కానీ దానికి లైనే అవసరం లేదు. గుణుపురంలోనే ఎక్స్‌టర్నల్ డిస్కులోకి మొత్తం డేటాబేస్ కాపీ తీసే పీజీ బేస్‌బ్యాకప్‌ను పెద్ద అక్షరాల సీ, ఎస్, ఆర్ ఆప్షన్లతో తీయండి. సీ కొత్త స్లాట్ సృష్టిస్తుంది, ఎస్ దాని పేరు చెబుతుంది. అప్పుడు డిస్కు బస్సులో బరంపురం చేరేలోగా పుట్టే ఫైళ్లు ప్రధాన సర్వర్‌లో నిలిచి ఉంటాయి. ఆర్ రాసిపెట్టే కనెక్షన్ వివరాల్లో లోకల్ అడ్రసు పడి ఉంటుంది. బరంపురం నుంచి మీ సర్వర్‌ను చేరే అడ్రసుగా దాన్ని మార్చాకే స్టాండ్‌బైని స్టార్ట్ చేయండి. రోగుల వివరాలున్న డిస్కు కాబట్టి ఎన్‌క్రిప్ట్ చేసి, నమ్మకమైన మనిషి చేతికే ఇవ్వండి.

స్లాట్‌కు హద్దు మాత్రం తప్పక పెట్టండి. మాక్స్ స్లాట్ వాల్ కీప్ సైజ్‌ను మార్చకపోతే హద్దే ఉండదు. లైను మళ్లీ తెగితే ఫైళ్లు పేరుకుని డిస్కు నిండి, ప్రధాన సర్వరే ఆగిపోతుంది. ఆసుపత్రికి స్టాండ్‌బై పోవడం కన్నా అది పెద్ద నష్టం. మూడు నాలుగు రోజుల వాల్‌కు సరిపడేంత ఇచ్చి, ఆపై డిస్కులో ఖాళీ మిగిలేలా చూసుకోండి.

పని పూర్తయ్యేవరకు, బరంపురం నుంచి రిపోర్టులు తీసేవారికి అవి లైను తెగిన నాటి లెక్కలేనని చెప్పి ఉంచండి.