సెల్యులార్ జైలుకు పిల్లల్ని తీసుకెళ్తున్న మేనకోడలికి

చిట్టీ,

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. గొంతు విని ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాను. అదేం కాదట. నువ్వు మీ కాలేజీ హిస్టరీ పిల్లల్ని పాతికమందిని వెంటేసుకుని అండమాన్ వెళ్తున్నావట, తెల్లవాళ్లు మన స్వాతంత్ర్య సమరయోధుల్ని బంధించిన సెల్యులార్ జైలు చూపించడానికి. "నువ్వైనా వద్దని చెప్పక్కా, నా మాట వినడం లేదు" అన్నాడు. నేను చెప్పను. వినగానే నా గుండె ఉప్పొంగిపోయింది. మా ఇంటి ఆడపిల్ల పిల్లలకు పాఠం చెప్పడానికి సముద్రం దాటి వెళ్తానంటే వద్దనే నోరు నాకు లేదు. కానీ ఆ తర్వాత నిద్ర పట్టలేదు. ఫోన్లో చెబితే సగంలోనే "సరే అత్తా" అనేస్తావు, అందుకే రాస్తున్నాను. ఓపిగ్గా చివరిదాకా చదువు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తాను. అందరి దగ్గరా ఆధార్ కార్డు ఉండాలి. తలా ఒక నీళ్ల సీసా, గొడుగు, జారని చెప్పులు. జాతీయ సెలవు రోజుల్లో జైలు మూసేస్తారు, కాబట్టి తేదీలు ఖాయం చేసుకునే ముందు అక్కడి టూరిజం ఆఫీసుకు ఫోన్ చేసి అడుగు. డిసెంబరులో సాయంత్రం ఐదుకే చీకటి పడుతుంది, మన విశాఖ లెక్కలు అక్కడ పనికిరావు. సాయంత్రం లైట్ అండ్ సౌండ్ షో టికెట్లు ముందే తీసుకో. షో అయ్యాక జనమంతా ఒకే గేటు వైపు తోసుకొస్తారు. పిల్లల్ని లెక్కపెట్టుకుని, అందరూ కనబడ్డాకే కదులు. నాకు అక్కడ భయం అదే. ఆ ఊరికి ఇప్పుడు శ్రీ విజయపురం అని పేరు పెట్టారు. నా నోటికి మాత్రం ఇంకా పోర్ట్ బ్లెయిర్ అనే వస్తుంది.

ఇక గైడు సంగతి. మీ మామయ్య ఉద్యోగం పుణ్యమా అని ఏళ్ల తరబడి ఆ ఊళ్లో ఉన్నాం కదా, వచ్చిన ప్రతి చుట్టాన్నీ నేనే జైలుకు తీసుకెళ్లేదాన్ని. చాలామంది గైడ్ల మాటలు విన్నాను. మంచివాళ్లు ఉన్నారు, గంటలో పని ముగించేవాళ్లూ ఉన్నారు. గేటు దగ్గర మాట్లాడుకునేటప్పుడే చెప్పు: "మాకు తొందర లేదు, పిల్లలు ప్రశ్నలు వేస్తారు, ఉరికంబం గదికి చివర్లో వెళ్దాం." అది ఎందుకంటున్నానో విను. చాలామంది ముందే అక్కడికి తీసుకెళ్లి, ఒకేసారి ముగ్గుర్ని ఉరితీసేవాళ్లని చెప్పి తాళ్లు చూపిస్తారు. అది చూశాక పిల్లల మనసు ఇంకదేని మీదా నిలవదు. ముందు వాళ్లకు ఆ కట్టడం అర్థం కావాలి.

పిల్లల్ని నేరుగా మధ్యనున్న గోపురం దగ్గరికి తీసుకెళ్లు. ఏడు విభాగాలు సైకిల్ చక్రం ఊచల్లా అక్కడి నుంచే బయల్దేరేవి. మూడు అంతస్తులు. ఒక విభాగం గదుల ముఖం పక్క విభాగం వీపు వైపు ఉంటుంది, కాబట్టి ఒక ఖైదీ ఇంకో ఖైదీ ముఖం చూడలేడు. గది పొడవు నాలుగున్నర మీటర్లు, వెడల్పు 2.7 మీటర్లు. వెలుతురు వచ్చే చిన్న కిటికీ మూడు మీటర్ల ఎత్తున ఉంటుంది. 1896లో మొదలుపెట్టి 1906కి పూర్తి చేశారు, అదీ ఖైదీల చేతనే కట్టించారు. తమను పెట్టే గదుల్ని తమతోనే కట్టించారన్న సంగతి గైడు చెప్పకపోతే నువ్వు చెప్పు.

ఇప్పుడు మీ నాన్న ఎందుకు వద్దంటున్నాడో చెబుతాను. ఈ సంగతి వాడు నీకు ఎప్పుడూ చెప్పి ఉండడు.

అప్పటికి వాడికి ఇంకా పెళ్లి కాలేదు. డిగ్రీ అయిపోయి, ఇద్దరు స్నేహితుల్ని వెంటబెట్టుకుని విశాఖ నుంచి ఓడెక్కి మా దగ్గరికి వచ్చాడు. కాలేజీలో నాటకాలు వేసేవాడు కదా, ఊరికే ఉండలేడు. జైలు చూడ్డానికి అందరం కలిసే వెళ్లాం. నేను మా అత్తగారితో కింద ఆగిపోయాను, ఆవిడ మెట్లెక్కలేకపోయింది. వీళ్లు ముగ్గురూ పైకి వెళ్లారు. అక్కడ వీడికి ఊచల వెనక నిలబడి ఫొటో తీయించుకోవాలని బుద్ధి పుట్టింది. ఒక గదిలోకి దూరి "తలుపెయ్యరా" అన్నాడు. స్నేహితుడు తలుపు వేయడమే కాదు, గడియ కూడా పెట్టాడు.

ఆ గడియ నువ్వు చూస్తావు. తలుపు మీద ఉండదు. పొడుగాటి ఇనుప కడ్డీ పక్క గోడలోకి వెళ్లి అక్కడున్న గూట్లో బిగుసుకుంటుంది. ఊచల్లోంచి చెయ్యి ఎంత చాపినా లోపలివాడికి అందకూడదనే అంత దూరంలో పెట్టారు. పైగా సముద్రపు గాలికి తుప్పు పట్టి ఉంది. పెట్టినవాడికి మళ్లీ తీయడం రాలేదు. ఇద్దరూ కలిసి లాగారు, కదల్లేదు. కంగారుపడి ఎవర్నైనా పిలుచుకొద్దామని ఇద్దరూ కిందికి పరుగెత్తుకొచ్చారు. ఒకడైనా అక్కడ ఉండాలన్న ఆలోచన వాళ్లకు రాలేదు.

మీ నాన్న ఒక్కడే మిగిలాడు. ఎదురుగా పక్క విభాగం వెనక గోడ. అరిస్తే వినడానికి ఆ వరండాలో మనిషి లేడు. కింద ఉన్న నాకే వినబడలేదు. కాపలా మనిషిని వెతికి, పైకి తీసుకొచ్చి, గడియ తీయించేసరికి పావుగంట పట్టి ఉంటుంది. వాడు బయటికి వచ్చినప్పుడు నవ్వుతూనే ఉన్నాడు. నేను చెయ్యి పట్టుకుంటే తడిగా తగిలింది. భుజం దాకా చర్మం లేచిపోయింది. ఊచల్లోంచి గడియ కోసం చాపీ చాపీ గీరుకుపోయింది. ఆ రాత్రి అన్నం తినలేదు. మంచం వాకిట్లో వేసుకుని పడుకున్నాడు.

చిన్నప్పుడు నువ్వు అడిగేదానివి, మన ఇంట్లో బాత్రూమ్ తలుపుకు లోపల గడియ ఎందుకు లేదని. అది మీ నాన్న పీకించేశాడు.

చాలా ఏళ్ల తర్వాత ఒకసారి నాతో అన్నాడు: "నాకు తెలుసక్కా, ఎవరో ఒకరు వచ్చి తీస్తారని. అయినా అంత భయపడ్డాను. వాళ్లకి ఎవరూ రారని తెలుసు కదా." అందుకే అక్కడ గదిలోకి వెళ్లి తలుపు మూయించుకుని "వాళ్ల బాధ నేనూ అనుభవించాను" అనేవాళ్లంటే నాకు కోపం. నీ పాతికమందిలో కనీసం అరడజను మందికి ఆ సరదా పుడుతుంది. ఫోన్లున్నాయి, రీల్స్ ఉన్నాయి. బయల్దేరే ముందే కూర్చోబెట్టి గట్టిగా చెప్పు. గదిలోకి వెళ్లి చూడొచ్చు, గోడ ముట్టుకోవచ్చు, తలుపు మాత్రం ముట్టుకోకూడదు. ప్రతి వరండాలో చివర నడిచేది నువ్వే అవ్వాలి, ఇంకో లెక్చరర్‌కి అప్పగించకు. నేను గయ్యాళిలా మాట్లాడుతున్నానని నీకు అనిపించినా పరవాలేదు.

పై అంతస్తు చివర సావర్కర్ గది. 1911లో తీసుకొచ్చి పదేళ్లు అక్కడే ఉంచారు. ఆయన అన్నగారు కూడా అదే జైల్లో ఉన్నారు. గైడ్లందరూ అక్కడికి తప్పకుండా నడిపిస్తారు, అందరూ ఫొటోలు తీసుకుంటారు. మీరూ దణ్ణం పెట్టుకోండి. తనను విడిచిపెట్టమని ఆయన తెల్లవాళ్లకు పెట్టుకున్న క్షమాభిక్ష అర్జీల గురించి మీ పిల్లలు అడుగుతారు, ఈ కాలం పిల్లలు అడక్కుండా ఉండరు. ఆయన అర్జీలు పెట్టిన మాట నిజం, అలీపూర్ బాంబు కేసులో వచ్చిన బారీంద్ర ఘోష్ లాంటివాళ్లూ పెట్టారు. ముందే చదువుకుని వెళ్లి ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఆ గది ముందు మాత్రం వాళ్లని రెండు జట్లుగా విడిపోయి అరుచుకోనివ్వకు.

నూనె గానుగ బొమ్మ దగ్గర కాసేపు ఆగండి. ఎద్దుకు బదులు మనిషిని కట్టేవాళ్లు. రోజుకు 30 పౌండ్ల కొబ్బరినూనె తీయాలి, అంటే పదమూడు కిలోల పైమాటే. లెక్క తగ్గితే శిక్ష. ఇందుభూషణ్ రాయ్ అనే బెంగాలీ కుర్రవాడు ఆ చాకిరీ భరించలేక 1912లో తన గదిలోనే ఉరేసుకున్నాడు. అతని తోటి ఖైదీ ఉల్లాస్కర్ దత్‌కు మతి చెడింది. ఇవి చెప్పేటప్పుడు పిల్లల ముఖాలు చూస్తూ చెప్పు. ఎవరికైనా ఇంట్లో అలాంటి చావు జరిగి ఉండొచ్చు, మనకు తెలియదు. ఎవరైనా వెనక్కి తగ్గితే పక్కకు తీసుకెళ్లి కూర్చోబెట్టు.

బయట రోడ్డుకు అవతల పార్కులో ఆరు విగ్రహాలుంటాయి. టూరు అయిపోయిందని జనం అటు చూడకుండానే బస్సెక్కేస్తారు. మీరు వెళ్లండి. అందులో ముగ్గురు, మహావీర్ సింగ్, మోహన్ కిశోర్ నామదాస్, మోహిత్ మైత్ర, 1933 నిరాహారదీక్షలో పోయారు. ముక్కులోంచి గొట్టం దించి బలవంతంగా పాలు పోశారు, అవి ఊపిరితిత్తుల్లోకి పోయాయి. వాళ్లు చచ్చిపోయింది దేనికోసమో పిల్లలకు చెప్పు: రాత్రి చదువుకోవడానికి దీపం, పుస్తకాలు, తినగలిగే తిండి. మిగతావాళ్లు దీక్ష మానలేదు, చివరికి సాధించుకున్నారు. 1937లో మళ్లీ దీక్ష చేశాకే రాజకీయ ఖైదీలను దేశానికి తిప్పి పంపడం మొదలైంది.

మన తెలుగువాళ్ల మాట గైడు ఎత్తడు. అతని తప్పు కాదు, అతన్ని అడిగేవాళ్లు లేరు. అక్కడ నువ్వే గైడువి. 1857 జూలై 17న హైదరాబాద్‌లో బ్రిటిష్ ప్రతినిధి ఉండే రెసిడెన్సీ మీద దాడి చేసినవాళ్లలో మౌల్వీ అలావుద్దీన్‌ని అండమాన్ పంపారు, ఆయన అక్కడే పోయాడు. ఆయన కాలానికి ఈ జైలు లేదు, అది గుర్తుపెట్టుకో. అప్పట్లో ఖైదీలు వైపర్ దీవిలో, ఇంకా చుట్టుపక్కల ఉండేవాళ్లు. 1879 రంప తిరుగుబాటులో పట్టుబడిన మన్యం వాళ్లదీ అదే దారి. ఈ గదుల కాలానికి వస్తే, అల్లూరి సీతారామరాజు వెంట నడిచిన గాం గంటందొర సోదరుడు మల్లుదొర ఉన్నాడు. యావజ్జీవ ద్వీపాంతర శిక్ష పడి అండమాన్ వెళ్లాడు. తిరిగొచ్చి 1952లో మన విశాఖపట్నం నుంచే లోక్‌సభకు గెలిచాడు. కాకినాడ బాంబు కేసులో ప్రతివాది భయంకరాచారినీ అక్కడికే పంపారు. గోపురంలో చలువరాతి పలకల మీద ఖైదీల పేర్లు రాష్ట్రాలవారీగా చెక్కి ఉంటాయి. పిల్లల్ని అక్కడ వదిలెయ్, తెలుగు పేర్లు వాళ్లనే వెతుక్కోమను. దొంగతనాలకూ హత్యలకూ వెళ్లిన మామూలు ఖైదీల పేర్లు ఏ పలక మీదా ఉండవు. ఆ గానుగ వాళ్లూ తిప్పారు, ఆ సంగతి కూడా చెప్పు.

ఏడు విభాగాల్లో ఇప్పుడు మూడే ఎందుకున్నాయని అడుగుతారు. 1941లో భూకంపం వచ్చింది. తర్వాత జపాన్ వాళ్లు ఆక్రమించి కొంత కూల్చి ఆ ఇటుకలతో బంకర్లు కట్టుకున్నారు. స్వతంత్రం వచ్చాక మనమూ కొంత కూల్చాం, ఆ స్థలంలోనే గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి వచ్చింది. అక్కడ ఉండి వచ్చిన ఖైదీలు గోల చేయబట్టి మిగిలింది నిలబడింది, 1979లో జాతీయ స్మారకమైంది. జపాన్ వాళ్ల కాలం గురించి గైడు చెప్పకపోతే అడుగు. అక్కడే పనిచేసిన పంజాబీ కవి డాక్టర్ దివాన్ సింగ్‌ని ఆ జైల్లోనే చిత్రహింసలు పెట్టి చంపారు. 1944 జనవరి 30న ఆ దీవిలోనే హంఫ్రీగంజ్ అనే ఊళ్లో 44 మందిని కాల్చేశారు. మేముండే రోజుల్లో ఆ సంగతులు కళ్లారా చూసిన ముసలివాళ్లు ఇంకా బతికే ఉండేవారు, అడిగితే మాట మార్చేసేవారు.

డాబా మీది నుంచి చూస్తే సముద్రం ఎంత నీలంగా ఉంటుందంటే పిల్లలు ఉన్నదంతా మర్చిపోయి కేరింతలు కొడతారు. కొట్టనీ. కసరకు. కుర్రవాళ్లు, వాళ్లకి ఆ కాసేపు కావాలి. నువ్వూ కాస్త గాలి పీల్చుకో. చిన్నప్పటి నుంచీ నీకు అందరి బరువూ నెత్తినేసుకునే అలవాటు, తిండి మానేసి తిరుగుతావు. పొద్దున్నే టిఫిన్ తినకుండా జైల్లో అడుగుపెట్టావని తెలిస్తే ఊరుకోను.

మీ నాన్నతో నేను మాట్లాడతాను. వాడికి నీ మీద నమ్మకం లేక కాదు, ఆ తలుపే కళ్లముందు ఆడుతోంది. వరండా చివర నువ్వే ఉంటావని వాడికి మాటిస్తాను, నా మాట పోనివ్వకు.

టికెట్లు ఖాయం కాగానే తేదీలు పంపు. ఆ ఊళ్లోనే జంగ్లీఘాట్‌లో మా పాత పక్కింటివాళ్లు ఉన్నారు, శ్రీకాకుళం నుంచి వెళ్లి స్థిరపడినవాళ్లు. కబురు పెడతాను. ఒక పూట మీ అందరికీ చేపల పులుసుతో అన్నం పెడతారు. తినని పిల్లలుంటే ఎంతమందో ముందే చెప్పు, వాళ్లకి పప్పు చేయిస్తాను.

మీ అత్త